రంజనులో మిగిలిన నీళ్లు

నన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా నా గురించి మొదట చెప్పే మాట, "ఆమె చాలా శుభ్రమైన మనిషి" అని. చీర మీద మరక ఉండదు, బల్ల మీద దుమ్ము ఉండదు, నల్లబల్ల మీద నిన్నటి లెక్క ఉండదు. ఈ పేరు నాకు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లు చీపురుతోనూ నోటితోనూ సంపాదించుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే పైకి నవ్వుతాను, లోపల మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అది ఎందుకో రాయాలని నాలుగైదుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నా గురించి ఒక మంచి మాట ముందుగా రాసుకుని, దాన్ని చదువుకుని మురిసి, కాగితం మడిచి లోపల పెట్టాను. ఈసారి అలా కాకూడదు.

హైదరాబాదు స్టేటు ఇంకా ఉన్న రోజుల్లో నన్ను పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సు దారిలో ఉన్న ఒక ఊరికి, ఆడపిల్లల బడికి పెద్దపంతులమ్మగా వేశారు. ఊరి పేరు రాయను. తప్పు ఊరిది కాదు. బడి సాలెవాడలో ఒక అద్దె ఇంట్లో నడిచేది. పాత పెంకుటిల్లు, తల వంచకపోతే నుదురు పగిలే దర్వాజ, చీకటి గదులు, పేడతో అలికిన నేల. పక్కింట్లో మగ్గం. రోజంతా గోడ అవతల నుంచి టకటకమని చప్పుడు, గంజి వాసన. పిల్లలు ఎక్కాలు ఆ మగ్గం దరువుకే చదివేవాళ్లు. మగ్గం ఆగితే ఏడో ఎక్కం కూడా ఆగేది. వాన పడితే ఆరు చోట్ల గిన్నెలు పెట్టేవాళ్లం. నాకు ఆ ఇంటిని చూస్తే ఒళ్లు మండేది.

దాని వెనక ఒక పెరడు ఉండేది. ఒక బావి, ఒక మునగచెట్టు, మూలన తాటాకుల దడి. ఇంటి యజమానురాలైన ముసలమ్మ ఆడపిల్లలు వస్తున్నారని బడి పెట్టిన కొత్తలోనే ఆ దడి కట్టించిందట. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అటు వెళ్లి, బావి దగ్గర కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, వచ్చి కూర్చునేవాళ్లు. ఎవరూ అడిగేవాళ్లు కాదు, నేను ఆపేదాన్నీ కాదు. అది బడిలో ఒక భాగం అని నాకు ఎన్నడూ తోచలేదు. కొత్త బిల్డింగు కావాలని జిల్లా ఆఫీసుకు మూడేళ్లు అర్జీలు పెట్టాను. గాలి లేదు, వెలుతురు లేదు, గచ్చు లేదు అని రాశాను. అన్నీ నిజాలే. తాటాకు దడి ఉంది అని ఏ అర్జీలోనూ రాయలేదు. దడి సంగతి అర్జీలో ఎవరు రాస్తారు?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మంజూరు వచ్చింది. నా అర్జీల వల్లే వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాను. ఊరి పెద్దాయన స్థలం దానం చేశాడు. ఊరికి అరకోసు దూరాన, బస్సు రోడ్డు పక్కన, గడ్డి కూడా మొలవని రాతినేల. మొలిచేదైతే ఆయన ఇచ్చేవాడా? నాకు అప్పుడు ఆ సంగతీ పట్టలేదు. నాలుగు గదులు వరుసగా, ముందు పొడుగాటి వరండా, నిలువెత్తు కిటికీలు, నేలంతా షాబాదు బండలు. మొదటిరోజు ఆ బండల మీద చెప్పులు విడిచి నడిచాను. చల్లగా ఉన్నాయి. ఎవరూ లేకుండా చూసి ఒక గోడను చేత్తో నిమిరాను కూడా.

కట్టించిన ఓవర్సీరు నక్షా విప్పి చూపించాడు. హైదరాబాదు నుంచి వచ్చిన నక్షా, మగపిల్లల బడికీ ఆడపిల్లల బడికీ అదే. చుట్టూ ప్రహరీగోడ కూడా గీసి ఉంది. గోడ ఏదని అడిగితే, "అది రెండో కిస్తుల వస్తది పంతులమ్మా" అన్నాడు. ఆ కిస్తు నేనున్నన్నాళ్లు రాలేదు. మన బడికి ఒక ప్రత్యేకం మాత్రం ఉందని, వరండా చివరికి తీసుకుపోయి ఒక తలుపు తెరిచాడు. లోపల పాయఖానా. తెల్లటి పింగాణీది, గోడలకు సగం దాకా నున్నటి సిమెంటు, మూలన నీళ్ల తొట్టి. తలుపు రోడ్డు వైపే తెరుచుకుంటుంది. ఎదురుగా వడ్ల మిల్లు, దాని పక్కన బస్సులాగే చోటు, చాయ్ హోటలు.

"ఈ చుట్టుపక్కల ఏ ఆడపిల్లల బడికి లేదు, మీకే. జర పైలంగ చూసుకోవాలె. సర్కారు సొమ్ము" అని ఒక పెద్ద అలీగఢ్ తాళం, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ మా అవ్వ గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో ఇత్తడి గ్లాసులు ఆరు ఉండేవి. చింతపండుతో తోమి, పాత ధోవతి గుడ్డలో చుట్టి, సందుగలో పెట్టేది. చుట్టాలొస్తేనే బయటికి తీసేది. మేం మట్టి ముంతలతో తాగేవాళ్లం. చిన్నప్పుడు ఒకసారి నేను ఆ గ్లాసుతో నీళ్లు తాగితే, "చుట్టాలకు ఏం పెడుదామనుకున్నవే" అని వీపు మీద ఒక్కటేసింది. మా వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే. కొత్త పరుపు చుట్టానికి, చిరిగిన బొంత మనకు. మంచిదాన్ని వాడకుండా దాచడమే దాన్ని గౌరవించడం అని నాకు ఉగ్గుపాలతో పట్టారు. చదువుకున్నాను, కరీంనగర్లో ట్రెయినింగు అయ్యాను, కానీ ఆ సందుగ నా తలలోనే ఉండిపోయింది.

మొదటి రెండు రోజులు పాయఖానా తెరిచే ఉంచాను. మూడో రోజు పోయి చూస్తే నేలంతా బురద కాళ్లు, ఎవరో నీళ్లు పొయ్యలేదు. నీళ్లు ఎక్కడివి? బావి మిల్లు వెనక ఉంది. మా బడిలో ఉన్నది ఒక్క ఆయమ్మ. నడివయసు మనిషి. ఆమే బడి ఊడవాలి, ఆమే గంట కొట్టాలి, ఆమే తాగే నీళ్లు మోసుకురావాలి. ఇక ఈ తొట్టి కూడా నింపాలంటే రోజుకు పన్నెండు బిందెలు. కడిగే మనిషి ఊర్లోంచి వారానికోసారి వస్తుంది. అరవైమంది పిల్లలు వాడితే వారంలో దాని గతి ఏమవుతుందో నా కళ్ల ముందు కనిపించింది. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే నెలలో బడి చూడ్డానికి వస్తుందని కబురొచ్చి ఉంది. ఆమె ముందు ఆ తెల్ల పింగాణీ మీద ఒక్క మరక కూడా ఉండకూడదు. కడిగించి, తాళం వేసి, చెవి కొంగుకు ముడి వేసుకున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి పోయేదాకానే కదా అనుకున్నాను.

ఆమె వచ్చే నెలలో రాలేదు. ఆ పై నెలలోనూ రాలేదు. జీపు లేదని ఒకసారి, వాగు వచ్చిందని ఒకసారి కబురు వచ్చేది. తాళం అలాగే ఉంది. ఒకటిన్నర సంవత్సరం ఉంది.

ఇక రాయకుండా దాటేద్దామనుకున్న మాట ఇది. నేను వాడుకునేదాన్ని. మధ్యాహ్నం పిల్లలు సద్దులు విప్పుకున్న వేళ చూసి వెళ్లేదాన్ని. నేను శుభ్రంగా వాడతాను, నీళ్లు పోస్తాను, కాబట్టి నాకు చెల్లుతుంది అనుకున్నాను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి అంటారు. ఆ కంచె నేనే.

పిల్లలు ఏం చేసేవాళ్లో నేను అడగలేదు. ముందు వైపు మిల్లు, హోటలు బల్లల మీద మమ్మల్ని చూడ్డం తప్ప ఏ పనీ లేని మగవాళ్లు. వెనక బోడగుట్ట, ఒక పొద కూడా లేదు. కొందరు మధ్యలో ఇంటికి పోయి వస్తామని అడిగేవాళ్లు. చదువు పాడవుతుందని, బడి విడిచేదాకా ఎవరూ గడప దాటకూడదని ఒక కట్టడి చేశాను. అందరూ విన్నారు. ఎంత బుద్ధిమంతులో అని సంబరపడ్డాను.

వరండాలో ఒక పెద్ద రంజను ఉండేది, మట్టిది, చెక్క మూతతో. ఆయమ్మ పొద్దున్నే నింపేది. పాత ఇంట్లో ఉన్నప్పుడు బావి దగ్గర నీళ్ల కోసం తోసుకునేవాళ్లు ఈ పిల్లలు. ఇక్కడ సాయంత్రం మూత తీసి చూస్తే రంజను నిండుగా ఉండేది. కొత్త బిల్డింగు చల్లగా ఉండబట్టి దాహం వెయ్యడం లేదు అనుకున్నాను. ఈ మాట తోటి పంతులమ్మతో అన్నాను కూడా, నక్షా గీసింది నేనే అయినట్టు. ఎండాకాలం ఒంటిపూట బడిలో ఇద్దరు పిల్లలు ప్రార్థన దగ్గర కళ్లు తిరిగి పడ్డారు. ఇంట్లో అంబలి తాగకుండా పంపుతున్నారని వాళ్ల తల్లులను తిట్టిపోశాను.

పాత బడి పక్కింటి మగ్గం వాళ్ల పిల్ల ఒకతి ఏడో తరగతిలో ఉండేది. పన్నెండు, పదమూడేళ్లు. తెల్లారకముందే లేచి తండ్రికి నూలు కండెలు చుట్టి, ఆ తర్వాత బడికి వచ్చేది. చేతులు ఎప్పుడూ గంజి వాసన. నోటిలెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లను నేను చూడలేదు. నేను లెక్క చెప్పడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడి తల దించుకునేది. సాలెవాడలో ఏడు దాకా వచ్చిన ఆడపిల్ల అంతకుముందు లేదు. సర్కారు పరీక్షకు కూర్చోబెట్టి, ఆ తర్వాత కరీంనగర్ హాస్టల్లో చేర్పించాలని నా ఆలోచన. "నిన్ను పంతులమ్మను చేస్త చూడు" అనేదాన్ని. ఆ పిల్ల నమ్మింది. ఇంట్లో తమ్ముణ్ని, ఎదురింటి పిల్లలను కూర్చోబెట్టి, కొంగు లేకున్నా తువ్వాల ఒకటి కొంగులా వేసుకుని, నాలాగే గొంతు పెట్టి పాఠాలు చెప్పేదని వాళ్ల అమ్మ నాకు చెప్పి నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం లెక్కల వేళ ఆ పిల్ల లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ అలా వచ్చేది కాదు. నా చెవిలో చెప్పబోతున్నట్టు వంగి, "పంతులమ్మా, జర తాళంచెవి ఇస్తరా?" అంది.

నాకు చెవిలో మాట్లాడితే గిట్టదు. "ఎందుకు?" అన్నాను, క్లాసంతా వినేలాగా.

తల దించుకుంది. లంగా వెనక వైపు చేత్తో పట్టుకుని ఉంది. అది నేను చూశాను. చూసి కూడా చూడలేదు.

"గది ఇన్‌స్పెక్టరమ్మ కోసం పెట్టింది. సర్కారుది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ ఇంట్ల ఉన్నదా ఏంది గసొంటిది? పుట్టినకాడినుంచి లేనిది, ఇయ్యాల గింత అవసరం ఎట్ల పడ్డది?"

పిల్లలు పకపకా నవ్వారు. మంచి చురక వేశానని నేనూ నవ్వాను. ఆ పిల్ల వెళ్లి తన చోట కూర్చుంది. బడి విడిచాక అందరూ పోయారు, ఆమె ఒక్కతీ లేవలేదు. కొంతసేపటికి నేను వరండాలో నుంచి చూస్తే, రంజనులోంచి చెంబుతో నీళ్లు తెచ్చి, తను కూర్చున్న బండను తన తువ్వాలతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. నా పిచ్చి మనసుకు ఎంత ఆనందమైందో చెప్పలేను. "శభాష్" అన్నాను కిటికీలోంచి. ఉలిక్కిపడి నా వైపు చూసింది. మరునాడు క్లాసులో, "సాఫు అంటే ఏందో గా పిల్లను చూసి నేర్చుకోండ్రి, చెప్పకుండనే తన జాగ తుడుసుకున్నది" అని అందరికీ చెప్పాను. ఆ రోజు ఆ పిల్ల రాలేదు.

పెద్దమనిషి అయిందని కబురు వచ్చింది. బెల్లం, నువ్వులు పంపించాను. రెండు వారాల తర్వాత వచ్చింది. కానీ అంతకుముందులా లేదు. నెలకు నాలుగైదు రోజులు రాదు. వచ్చిన రోజు కూడా ముఖం పీక్కుపోయి, పెదవులు ఎండి ఉండేవి. మధ్యలో రెండుసార్లు జ్వరం అని వారం వారం ఆగింది. చదువు మీద ధ్యాస తగ్గింది, పెళ్లి మాటలు మొదలై ఉంటాయి అనుకున్నాను.

పరీక్ష ఇంకా మూడు నెలలు ఉందనగా వాళ్ల అమ్మ వచ్చింది. గడప బయటే నిలబడింది.

"పిల్లను బడి బంజేపిస్తున్నం పంతులమ్మా" అంది.

"పిచ్చా మీకు? మూడు నెలలల్ల పరీక్ష పెట్టుకొని బంజేపిచ్చుడేంది?"

"దూరమైతున్నది."

"అరకోసు దూరం ఒక దూరమా? గంతకూడ నడవదా?"

ఆమె వరండా చివరి వైపు ఒక్కసారి చూసింది. కొంగు సవరించుకుంది. "నడుస్తది పంతులమ్మా. నడుసుడు గాదు."

"మరేంది?"

"ఏం లేదు. మీరు పెద్దోళ్లు." రెండు చేతులూ జోడించి వెళ్లిపోయింది. అడగాల్సింది అడగకుండా, వాళ్ల తెలివితక్కువ గురించి తోటి పంతులమ్మకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. రిజిస్టరులో ఆ పిల్ల పేరు మీద అడ్డగీత గీసి, కారణం రాసే గడిలో "తల్లిదండ్రుల అశ్రద్ధ" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా దస్తూరీ బాగుంటుంది.

ఆ తర్వాత ఇరవై రోజులకు ఇన్‌స్పెక్టరమ్మ నిజంగానే వచ్చింది. లావుపాటి ఆమె, కళ్లద్దాలు, జీపు దిగేసరికి చెమటతో తడిసిపోయి ఉంది. దిగుతూనే నా చెవిలో, "ఏదైనా ఇంతజాం ఉందా?" అంది. నా జన్మ ధన్యమైందనిపించింది. కొంగు ముడి విప్పి తాళం తీశాను. ఆమె బయటికి వచ్చి, "బహుత్ సాఫ్! ఎంత కొత్తగా ఉంచినవమ్మా!" అని నా భుజం తట్టింది. మళ్లీ ఏదో తోచినట్టు ఆగి, "పిల్లలు వాడుతున్నరా?" అని అడిగింది.

"రోజూ వాడుతరు మేడం. వాడి, వాళ్లే నీళ్లు పోస్తరు" అన్నాను.

చాయ్ గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్న ఆయమ్మ నేల వైపు చూసింది. ఇన్‌స్పెక్టరమ్మ రంజను మూత ఎత్తి, నిండుగా ఉందని తల ఊపింది. విజిటర్ల బుక్కులో, శుభ్రత విషయంలో మిగతా బడులు ఈ బడిని చూసి నేర్చుకోవాలి అని రాసి సంతకం పెట్టింది. ఆ పేజీ నేను ఆ సాయంత్రం ఎన్నిసార్లు చదువుకున్నానో! పైన పటారం, లోన లొటారం అని మా అవ్వ పక్కింటివాళ్లను ఎద్దేవా చేసేది. ఆ మాట నాకు వర్తిస్తుందని అప్పటికీ తెలియదు.

సంతోషంలో ఆయమ్మకు ఒక రవికె గుడ్డ ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"మీకొక మాట చెప్తె కోపం జేస్తరు" అంది.

"చెప్పు."

"రంజన్ల నీళ్లు నేను రెండు దినాలకొకసారి పారబోసి నింపుతున్న. ఎవ్వలు తాగుతలేరు పంతులమ్మా. ఎండకాలం గూడ తాగలే."

"ఎందుకు తాగరు?"

"తాగితే ఒంటికి పోవాలె గద. యాడికి పోతరు? ఎదురుంగ మిల్లు, ఎనుక బోడగుట్ట." గ్లాసులు ఒకచోట చేర్చింది. "గా సాలోల్ల పిల్లను మీరు శభాష్ అంటిరి, బండ తుడిసిందని. గా దినమే అది పెద్దమనిషైంది. గా తరగతి గదిల్నే, గా బండ మీదనే. అందుకే తాళంచెవి అడిగింది. రెండుమాట్ల దవాఖానకు తోలుకపోయిన్రు. ఒంటికి పోతె మంట, సలిజరం. నీళ్లు బాగ తాగాలె, ఆపుకోవద్దు అన్నడట కంపౌండరు. బడికి పోతె ఆపుకోక తప్పది. ఇగ వాళ్లేం జేస్తరు?"

నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆమె మీద. "ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలే?" అని గదమాయించాను.

"అడిగిన పిల్లను మీరేమన్నరో నేను గడప కాడ ఇన్న గద" అంది ఆయమ్మ. గ్లాసులు తీసుకుని కడగడానికి పోయింది.

ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్లాను. ఆ పిల్ల కూర్చునే చోటు తలుపు దగ్గర. బండ మిగతా బండల్లాగే ఉంది. దాని పక్కన కూర్చున్నాను. మీ ఇంట్లో ఉందా అని నేను అన్న మాట, పిల్లల నవ్వు, కిటికీలోంచి నా శభాష్, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించాయి. ఆ శభాష్‌కు ఆ పిల్ల ఉలిక్కిపడి చూసిన చూపు గుర్తొచ్చి నా ఒళ్లు నాకే అసహ్యమేసింది. నేను ఆడదాన్నే. నాకూ అలాంటి రోజొకటి వచ్చింది. మా అవ్వ నన్ను చాటుకు తీసుకుపోయింది. ఆ పిల్లకు చాటు నా కొంగు ముడిలో ఉండింది.

ఆదివారం సాలెవాడకు బయల్దేరాను. పరీక్షకు ఇంకా రెండు నెలల పైన ఉంది. పిల్లను తీసుకుపోయి నా దగ్గరే కూర్చోబెట్టుకుని చదివించవచ్చు. తప్పు నాదని చెప్పాలి, అంతే. పాత బడి ఇల్లు దాటాను. మగ్గం చప్పుడు వినిపిస్తోంది. తలుపు తీసే ఉంది. ఆ పిల్ల గడప లోపల కూర్చుని కండెలు చుడుతోంది, పక్కన ఒక ముంతలో నీళ్లు. చుడుతూ చుడుతూ ముంత ఎత్తి గటగటా తాగింది. నేను గోడ పక్కనే ఆగిపోయాను. తప్పు నాదని ఆ ఇంట్లో చెబితే వాడంతా తెలుస్తుంది, వాడంతా తెలిస్తే ఊరంతా తెలుస్తుంది, విజిటర్ల బుక్కులో ఉన్న మాట అబద్ధమవుతుంది. నేను ఇన్‌స్పెక్టరమ్మకు చెప్పింది కూడా. అటు ఆ పిల్ల పరీక్ష, ఇటు నా బుక్కు. గోడ పక్కనే నిలబడి నేను బుక్కును ఎంచుకున్నాను. ఎవరూ చూడకముందే వెనక్కి తిరిగాను.

మరునాడు తాళం తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మూడు రోజులు ఒక్క పిల్ల కూడా అటు పోలేదు. తాళం తీసింది తమను పట్టుకుని కొట్టడానికేనేమో అనుకున్నారట. తలుపు రోడ్డు వైపు ఉంది కదా, దానికి అడ్డంగా తాటాకుల దడి కట్టించాను, పాత ఇంటి ముసలమ్మ కట్టించినట్టిదే. ఒక పూట పని. నక్షాలో ఆ దడి లేదు. మిల్లు ఆయనను అడిగితే తొట్టికి నీళ్లు తనే పోయించాడు. ఎవరూ అడగక ఇన్నాళ్లు ఊరుకున్నానన్నాడు. నాలుగో రోజు సాయంత్రం రంజను మూత తీస్తే నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. ఎండాకాలం వచ్చేసరికి రోజుకు రెండుసార్లు నింపాల్సి వచ్చింది. ఆ ఎండాకాలంలోనే ఆ పిల్ల పెళ్లి అయింది. నేను వెళ్లలేదు, చీర పంపించాను. రిజిస్టరులో రాసింది దిద్దలేదు.

పదేళ్లు గడిచాయి. నన్ను కరీంనగర్‌కు మార్చారు. ఏ బడికి పోయినా ముందు చూసేది తరగతి గదులను కాదు, వెనక ఏముందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, తాళం ఉందో లేదో. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. దొంగ కూడా దొంగతనం మానాక తలుపులు గట్టిగా వేసుకుంటాడు.

ఒక జూన్ నెలలో పిల్లలను చేర్చుకునే రోజుల్లో, ఎండ ఇంకా తగ్గలేదు, ఒకామె ఆరేళ్ల పిల్లను వేలు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. నేను తల ఎత్తకుండానే గంజి వాసన తగిలింది.

"గుర్తువట్టిన్రా పంతులమ్మా?" అంది.

గుర్తుపట్టాను. సన్నబడింది, పెదవులు అలాగే ఎండి ఉన్నాయి. భర్తకు కరీంనగర్లో మగ్గం పని దొరికిందని, ఈ మధ్యే ఊరు మారారని చెప్పింది. "నా బిడ్డను మీ బడిలనే ఎయ్యాలని తొవ్వ అడుక్కుంట అడుక్కుంట వచ్చిన. మా పంతులమ్మ ఉంటె సాఫు నేర్పిస్తదని మా ఆయనకు చెప్పిన" అంది. వెటకారం కాదు. ఆ ముఖంలో వెటకారం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

పదేళ్లుగా మనసులో వల్లించుకున్న మాట నోట్లోంచి ముక్కలుగా వచ్చింది. "గా తాళం... గా దినం నేనన్నది... నాదే తప్పు బిడ్డా. నీ పరీక్ష నేనే పోగొట్టిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వింది. "గదేంది పంతులమ్మా, గంత మాట! అది సర్కారుది గద. మీరు మాత్రం ఏం జేస్తరు?"

నా మాటే నాకు తిరిగి ఇచ్చింది. పదేళ్లుగా అది నిజమనే నమ్మి ఉంది.

ఇంతలో ఈ బడి ఆయమ్మ రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. తాగమన్నాను.

"వద్దు పంతులమ్మా. బయటికొస్తె నేను తాగ. గప్పటినుంచి అలవాటైపోయింది" అంది.

పిల్ల మాత్రం చెయ్యి చాచి గ్లాసు ఎత్తుకుంది. అరకోసుకు పైనే నడిచి వచ్చిన పిల్ల, మెడ మీద చెమట. తల్లి ఒక వేలు గ్లాసు అంచుకు పెట్టి మెల్లగా కిందికి దించింది. "ఇప్పుడు గాదు బిడ్డా. ఇంటికి పోయినంక తాగుదువు."

పిల్ల మారాం చెయ్యలేదు. గ్లాసును ఒక చుక్క ఒలకకుండా బల్ల మీద పెట్టింది.

నేను లేచాను. "ఈడ తాళం లేదమ్మా, రా, చూపిస్త" అని పిల్ల చెయ్యి పట్టుకున్నాను. పిల్ల కదలకుండా తల్లి ముఖం వైపు చూసింది.

"ఉండనియ్యిండ్రి పంతులమ్మా, మీకెందుకు తకలీబు" అంది తల్లి. బిడ్డ తల నిమిరి, ఆ పిల్లలో ఉన్న మంచి గుణం ఒకటి నాకు చెప్పాలని ముఖం విప్పారింది. "మా పిల్ల శానా బుద్ధిమంతురాలు. పొద్దుందాక ఆపుకుంటది."